లీటరుకు పన్నెండు

దేవరకొండ,
14 జూన్ 2022

గుర్వయ్య బావకు, బామ్మర్ది మల్లికార్జున్ శనార్థులు.

నిన్న ఫోన్ చేస్తే సైదమ్మ అక్క ఎత్తింది. నీకు కుడి చెవి కూడా పోయిందని, ఫోన్‌లో ఎవరేం మాట్లాడినా "ఆఁ, మంచిదే" అని పెట్టేస్తున్నావని చెప్పింది. "రాసి పంపురా, కండ్లు మంచిగనే ఉన్నయ్, పేపరు ఆఖరు పేజీ దాకా చదువుతడు" అన్నది. పదో తరగతి పరీక్ష తర్వాత ఇంత పొడుగు రాయడం ఇదే. తప్పులుంటే నువ్వు నవ్వుకో, అక్కకు చూపించకు.

సంగతి డీజిల్‌ది. మార్చి నుంచి నా పికప్‌ను ఇక్కడి పాల సెంటరుకు పెట్టాను. పొద్దున ఐదింటికి ఖాళీ క్యాన్లతో బయలుదేరి, పదకొండు ఊళ్లు తిరిగి, తొమ్మిదికల్లా పాలతో తిరిగి రావాలి. డెయిరీ చార్టులో ఈ లైను తొంభై ఆరు కిలోమీటర్లు. లీటరుకు పన్నెండు చొప్పున ట్రిప్పుకు ఎనిమిది లీటర్లకు చిట్టీ రాసిస్తారు. నా బండి తొమ్మిదిన్నర తాగుతోంది. అంటే లీటరుకు పదే వస్తోంది. పైన ఒకటిన్నర లీటరు రోజూ నా జేబులోంచి పోస్తున్నాను.

ఇన్‌చార్జి బాలకృష్ణ మొన్న పిలిచి చెప్పాడు: "డీజిల్ తాగే బండి మాకెందుకు? దసరా దాకా చూస్త. పన్నెండు రాకుంటే వేరే బండి పెడుత." నాకు ముందు ఇద్దరు డ్రైవర్లు ఇట్లాగే పోయారు. మన బత్తాయి తోట నీకు తెలిసిందే. రెండు బోర్లు ఎండాయి, చెట్లు నరికి కట్టెలకు ఇచ్చేశాం. ఈ లైను పోతే అడ్డా మీద నిలబడాలి. అక్కడ ఇప్పటికే పద్దెనిమిది బండ్లున్నాయి, గిరాకీ రోజుకు మూడింటికి.

బండి పెద్ద సైజు పికప్, 2014 మోడల్. ఇంజన్ మంచిగుంది. కిలోమీటర్ల మీటరు మాత్రం నేను కొన్ననాటి నుంచే తిరగడం లేదు. నువ్వు ముప్పై ఒక్క ఏండ్లు లారీ నడిపినవాడివి. డీజిల్ మిగిల్చినందుకు ఓనరుతో శాలువా కప్పించుకున్నవాడివి. ఏం చేస్తే పన్నెండు వస్తుందో రాయి.

ఈ కాయితం పాలమూరు బస్సు డ్రైవర్ యాదగిరికి ఇస్తున్నాను. నీ జవాబూ ఆయన చేతికే ఇవ్వు. పోస్టులో వేస్తే దసరా పోయి దీపావళి వస్తుంది.

నీ బామ్మర్ది,
మల్లికార్జున్

*

మహబూబ్‌నగర్,
19 జూన్ 2022

బామ్మర్దీ,

నీ ఉత్తరం మీ అక్కకు చూపించాను. "గౌరవం"కు నువ్వు పెట్టిన స్పెల్లింగు చూసి ఆమె నవ్వలేదు, నేనే నవ్వాను. ఎక్కడుందని వెతక్కు, కొట్టేసిన లైనులో ఉంది.

నా లారీ పది టన్నుల పత్తి గింజలతో లీటరుకు నాలుగున్నర ఇచ్చింది. అదే లారీని వేరేవాడు నడిపితే నాలుగు దాటలేదు. ఇంజన్ ఒక్కటే, రోడ్డు ఒక్కటే. తేడా ఎక్కడుందో నువ్వే చెప్పు. తొంభై ఆరు కిలోమీటర్ల లైనులో పన్నెండు రాకపోవడం పికప్ తప్పు కాదు. నీ కుడి కాలు బరువు.

టైర్లలో గాలి వారానికోసారి చూపించు. పొద్దున, టైరు చల్లగా ఉన్నప్పుడు. బండి వెనుక డాలాకు పైన కట్టిన ఇనుప చట్రం ఊడదీయించు, పాల క్యాన్లకు అదెందుకు? క్యాన్లు ఎక్కించేటప్పుడు ఇంజన్ బందు చెయ్యి. పదకొండు ఊళ్లలో ఊరికి ఆరు నిమిషాలు ఊరకే తిరిగితే గంట పైన అవుతుంది. ఎక్కుడు వచ్చే ముందే గేరు మార్చు, ఇంజన్ మొత్తుకున్నాక కాదు.

అన్నిటికంటే పెద్దది బ్రేకు. నువ్వు బ్రేకు తొక్కిన ప్రతిసారీ చెంబెడు డీజిల్ రోడ్డు మీద పోసినట్టే. దూరం నుంచే రోడ్డు చూసి కాలు తీసేవాడికి బ్రేకుతో పని తక్కువ. ట్రిప్పు దిగాక నాలుగు చక్రాల బ్రేకు డ్రమ్ములూ ముట్టుకొని చూడు. ఏది కాలుతోందో అక్కడ బ్రేకు పట్టేసి ఉంది. జాకీ మీద లేపి చేత్తో తిప్పు. చక్రం హాయిగా తిరగాలి.

ఇంకొకటి. ట్యాంకుకు తాళం వేయించు. ఇంజన్‌లో ఎంత కాలుతోందో, ఇంజన్ బయట ఎంత కాలుతోందో ముందు తేలాలి.

ఇక్కడ వాన లేదు. మీ అక్కకు మోకాలి నొప్పి ఎప్పటిలాగే.

గుర్వయ్య

*

దేవరకొండ,
11 జూలై 2022

బావకు,

నువ్వు చెప్పినవన్నీ చేశాను. ఇనుప చట్రం తీయించాను. గాలి చూపిస్తున్నాను. ఊరూరా ఇంజన్ బందు చేస్తున్నాను. కాలువ దిగుడు దగ్గర గోపమ్మ అని ఒక పెద్దామె రెండు బర్రెల పాలు తెచ్చి నిలబడుతుంది. ఆమె ఒక్కతే కాబట్టి అక్కడ ఇంజన్ ఆపేవాణ్ని కాదు. ఇప్పుడు అక్కడా ఆపుతున్నాను. ఆమె "బండి చచ్చిందా బిడ్డా" అని అడిగింది. మా బావ చంపమన్నడని చెప్పాను.

డ్రమ్ములు ముట్టుకొని చూశాను. వెనుక ఎడమది పెనంలా ఉంది. మెకానిక్ నాగరాజుతో విప్పించి లూజ్ చేయించాను. జాకీ మీద తిప్పితే ఇప్పుడు చక్రం చుట్టున్నర తిరుగుతోంది. ట్రిప్పుకు తొమ్మిదిన్నర పోయేది, ఇప్పుడు ఎనిమిది లీటర్ల తొమ్మిది వందల మిల్లీ. అంటే 8.9. ఇంకా తొమ్మిది వందలు తగ్గాలి.

ఒక మాట అడుగుతా, దాచకుండా రాయి. ట్యాంకుకు తాళం ఎందుకన్నావు? మా ఇంటామె మంజులత చదివి కాయితం కింద పెట్టేసింది. "మీ బావ నిన్ను దొంగ అన్నడు, నువ్వు ఆయనకు గాలి లెక్కలు రాస్తున్నవ్" అంది. నేను కాదని ఆమెతో వాదించాను. తర్వాత ఉత్తరం మళ్లీ చదివితే వాదన నిలవలేదు. నా ట్యాంకు నుంచి చెంబెడు డీజిల్ అమ్ముకుని నేను ఏం కట్టుకుంటాను బావా? రోజూ నేనే పోస్తున్నానని మొదటి ఉత్తరంలోనే రాశాను.

తాళం వేయించాను. చెవి మంజులత దగ్గరే ఉంచాను.

మల్లికార్జున్

*

మహబూబ్‌నగర్,
17 జూలై 2022

మల్లికార్జున్‌కు,

దొంగ అని నేను రాయలేదు. దొంగ ఉన్నాడేమో చూసుకొమ్మని రాశాను. అడ్డాల మీద రాత్రి పెట్టిన బండ్ల నుంచి పైపు పెట్టి లాగుతారు, అది ముప్పై ఏండ్లు చూశాను. మంజులతకు కోపం వస్తే నాకు రాయమను, నడుమ నువ్వు మోయకు. తాళం చెవి ఆమె దగ్గర పెట్టడం మంచిదే. మగవాళ్లు తాళం చెవి దగ్గర పెట్టుకుంటే తాళం ఉన్నట్టు కాదు.

ఇగ పనికి వద్దాం. చుట్టున్నర అని రాశావు. అది తిరగడం కాదు, ఒళ్లు విరుచుకోవడం. నా లారీ వెనుక చక్రం జాకీ మీద ఒక్క నూకుడుకు నాలుగు చుట్లు తిరిగి ఆగేది. దాన్నే చూసి ఓనరు కొత్త డ్రైవర్లను నా దగ్గరకు పంపేవాడు. నాగరాజుకు చెప్పు, నాలుగు చుట్లు రావాలని. మెకానిక్‌లు భయస్తులు, సగం చేసి వదిలేస్తారు. నిలబడి చేయించు.

ఎనిమిది తొమ్మిది వందల దాకా వచ్చావంటే మిగతాది చక్రంలోనే ఉంది. మన వాళ్లలో డ్రైవర్లు ఇద్దరమే. బాలకృష్ణ ముందు మన పేరు పోగొట్టకు.

గుర్వయ్య

*

దేవరకొండ,
6 ఆగస్టు 2022

బావకు దండాలు.

నువ్వు చెప్పినట్టే నాలుగు చుట్లు తిరిగేలా చేయించాను. నాగరాజు ముందు ఒప్పుకోలేదు. "ఇంత లూజ్ పెడితే పెడలు కిందికి పోతది అన్నా" అన్నాడు. నేను నీ ఉత్తరం చూపించాను. అతను చదివి, "లారీ ఆయన చెప్పిండు కదా, నాకేంది" అని నాలుగు చక్రాలూ తిప్పి చూపించాడు.

బండి ఇప్పుడు నీళ్ల మీద పోయినట్టు పోతోంది. సెంటరు ముందు చదును జాగాలో ఒక్క చేత్తో నూకితే కదిలింది. బాలకృష్ణ చూసి, దీనికి ఇంజన్ ఎందుకు, ఇద్దరు మనుషులను పెట్టుకో అన్నాడు. నిన్నటి ట్రిప్పు 8.2.

బ్రేకు మొదటిసారి తొక్కితే పెడలు కింది దాకా పోతుంది, రెండోసారికి పట్టుకుంటుంది. కొత్తగా లూజ్ చేశాం కాబట్టి అట్లా ఉంటుందేమో, నువ్వే చెప్పాలి. నేను దూరం నుంచే కాలు తీస్తున్నాను కాబట్టి పెద్దగా అవసరం పడటం లేదు. ఎక్కుడు దాటాక దిగుడులో గేరు తీసేసి వదులుతున్నాను.

వాన మొదలైంది. గోపమ్మ నెత్తిన గోనెసంచి వేసుకొని నిలబడుతోంది. మునుపు బండి తమ వాడ దాకా వచ్చేదట, కాలువ తవ్విన తర్వాత రావడం లేదని, క్యాను మోసుకొని కిలోమీటరు నడుస్తున్నానని చెప్పింది. నాకు ముందు సంగతి నాకేం తెలుసు?

తాళం సంగతి మంజులత మరిచిపోలేదు. నేను మరిచాను.

మల్లికార్జున్

*

మహబూబ్‌నగర్,
13 ఆగస్టు 2022

బామ్మర్దీ,

ఇప్పుడు నువ్వు డ్రైవర్‌వి. 8.2 అన్న అంకె మీ అక్కకు గట్టిగా చదివి వినిపించాను. నాకు వినబడదు కాబట్టి ఎంత గట్టిగా చదివానో తెలియదు, పక్కింటివాళ్లు కిటికీలోంచి చూశారు.

పెడలు రెండోసారికి పట్టుకుంటే చాలు. పాత లారీలన్నీ అంతే. మొదటి తొక్కు చెప్పడానికి, రెండోది ఆపడానికి. రోడ్డు చూడనివాడికి బ్రేకు గట్టిగా ఉండాలి. చూసేవాడికి అక్కర్లేదు.

ఇంకో రెండు వందలే. నాలుగో గేరులోనే ఎక్కువసేపు ఉండు, నలభై ఐదు దాటకు.

మీ బావ,
గుర్వయ్య

*

దేవరకొండ,
22 సెప్టెంబర్ 2022

బావా,

7.9.

ఆరు రోజులు వరుసగా అంతే. బాలకృష్ణ నా చిట్టీలు డెయిరీ ఆఫీసుకు పంపాడు. అక్కడి నుంచి ఏడాది దాకా లైను నాదేనని కాయితం వచ్చింది. మిగతా నాలుగు లైన్ల డ్రైవర్లకు నా బండి చూపించి, ఇతన్ని చూసి నేర్చుకోండన్నాడు. వాళ్లు నన్ను చూసిన చూపు నువ్వు చూడాలి. సెంటరు ముందు చాయ్ తాగడానికి ఇప్పుడు నేను ఒక్కణ్నే పోతున్నాను.

మంజులత నీ పేరు మీద కోడిని కోసింది. నువ్వు లేవు కాబట్టి మేమే తిన్నాం. బతుకమ్మకు అక్కను పంపు. యాదగిరి బస్సులో ముందు సీటు ఆపుతానన్నాడు.

నీ బామ్మర్ది,
మల్లికార్జున్

*

మహబూబ్‌నగర్,
26 అక్టోబర్ 2022

మల్లికార్జున్‌కు,

మీ అక్క బతుకమ్మకు వచ్చి పోయిన తర్వాత నీ దగ్గర నుంచి మాట లేదు. పోయిన వారం నేను ఇచ్చిన ఉత్తరం యాదగిరి తిరిగి తెచ్చాడు. నువ్వు ఇంట్లో లేవని చెప్పాడు. నిన్న మళ్లీ అడిగితే ఏదో చెప్పాడు. నాకు వినబడదని మరిచి గబగబా చెప్పాడు. మీ అక్క పక్కనే ఉంది. ఆమె ముఖం చూసి, పలకా బలపం ఇచ్చాను. "బండి గుద్దింది. తమ్ముడు బాగనే ఉన్నడు" అని రాసింది. ఎవరిని గుద్దింది అంటే పలక కింద పెట్టేసింది.

ఎవరిని? ఎక్కడ? రాయి.

గుర్వయ్య

*

దేవరకొండ,
3 నవంబర్ 2022

బావకు,

అడిగావు కాబట్టి రాస్తున్నాను. ఇది చదివి కాల్చెయ్యి.

అక్టోబర్ పదిహేడు, సోమవారం, పొద్దున ఆరూ పది. కాలువ దిగుడు. ముందు రోజు వాన పడి రోడ్డు తడిగా ఉంది. డాలాలో ఏడూళ్ల పాలు. గేరు తీసి వదిలాను. గోపమ్మ ఎప్పటి జాగాలోనే నిలబడి ఉంది, రోడ్డు పక్కన, క్యాను కాళ్ల దగ్గర. ఆమె అవతల మేకల మంద రోడ్డెక్కింది. బ్రేకు తొక్కాను, కిందికి పోయింది. రెండోసారి తొక్కాను, పోయింది. మూడోసారికి కొంచెం పట్టింది, బండి ఎడమకు లాగింది. ఆమె ఎడమ పక్కనే ఉంది.

బండి కాలువ కట్ట మట్టికి తగిలి ఆగింది. నాకు ఏమీ కాలేదు. ఆమెకు కుడి కాలు మోకాలి కింద నుజ్జయింది. నల్లగొండ దవాఖాన నుంచి పట్నం తీసుకపోయారు, అక్కడ కాలు తీసేశారు. దారి పొడుగునా నేనే పట్టుకొని కూర్చున్నాను. ఆమె ఒకటే అడిగింది: "ఇంజన్ బందు చేసినవా బిడ్డా?"

నాగరాజుకు ఫోన్ చేశాను. పోలీసులు వచ్చేలోపల బండి కిందికి దూరి, స్క్రూ డ్రైవర్‌తో నాలుగు బ్రేకులూ బిగించాడు. పది నిమిషాల పని. మరునాడు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ వచ్చి తొక్కి చూసి, బ్రేకులు సరిగా ఉన్నాయని రాశాడు. స్టేషన్‌లో నేను ఏం చెప్పానంటే, మేకలను మళ్లించడానికి ఆమె ఒక్కసారిగా రోడ్డు మీదికి వచ్చిందని చెప్పాను. వాళ్లు అదే రాసుకున్నారు. సాక్షులు లేరు. మేకలకాపరి దూరంగా ఉన్నాడు.

నీ ఉత్తరాలు నేను కాల్చేశాను. నావి నీ దగ్గర ఉన్నాయి. ఆగస్టుది ముఖ్యం. పెడలు సంగతి అందులోనే రాశాను. అది బయటపడితే లైసెన్స్ పోతుంది, జైలు కూడా ఉంటుందట. లైను ఎట్లాగూ పోయింది. అమరేందర్ అనే ఆయన కొత్త బండి పెట్టాడు.

మల్లికార్జున్

*

మహబూబ్‌నగర్,
21 నవంబర్ 2022

మల్లికార్జున్‌కు,

నేను కాల్చలేదు.

పోయిన సోమవారం నీకు చెప్పకుండా దేవరకొండ వచ్చాను. మీ అక్కకు కంటి దవాఖాన అని చెప్పాను. పాల సెంటరు ముందు నిలబడి అమరేందర్‌ను అడిగితే బండి ఎక్కించుకున్నాడు. ముసలి డ్రైవర్, చెవిటివాడు, సరదా పడుతున్నాడు అనుకున్నాడు. అతని బండి కొత్తది, మీటరు తిరుగుతుంది. బయలుదేరేటప్పుడు అంకె రాసుకున్నాను. తిరిగి వచ్చాక రాసుకున్నాను. నమ్మకం లేక మరునాడు మళ్లీ ఎక్కాను.

నూట పద్నాలుగు కిలోమీటర్లు. రెండు రోజులూ అంతే.

డెయిరీ చార్టు నాలుగేండ్ల కిందటిది. అప్పుడు బండి గోపమ్మ వాడలోంచి నేరుగా పోయేది. కాలువ తవ్వి ఆ రోడ్డు తెంపారు. బండి ఇప్పుడు కట్ట వెంట చుట్టూ తిరిగి వంతెన ఎక్కుతుంది. పోను తొమ్మిది, రాను తొమ్మిది. చార్టు ఎవరూ మార్చలేదు. నువ్వు కాలువ తర్వాత చేరావు, నీకు పాత రోడ్డు తెలియదు. గోపమ్మ నిలబడే దిగుడు డెయిరీ కాయితంలో లేనే లేదు.

నూట పద్నాలుగును తొమ్మిదిన్నరతో భాగించు. పన్నెండు. నీ బండి మొదటి రోజు నుంచే పన్నెండు ఇస్తోంది. నీ కాలు బరువు కాదు. ఎడమ చక్రం బ్రేకు కొంచెం పట్టింది, అంతే. దాన్ని సరిచేసి వదిలేస్తే సరిపోయేది.

నాలుగు చుట్లు తప్పు. ఇక్కడ ఒక పాత మెకానిక్‌తో పికప్ చక్రం తిప్పించి చూశాను. లారీ చక్రం బరువు, ఒకసారి నూకితే ఆ బరువుకే తిరుగుతుంది. పికప్ చక్రానికి ఆ బరువు లేదు. అది నాలుగు చుట్లు తిరిగిందంటే బ్రేకు డ్రమ్ముకు అందనంత దూరంలో ఉంది. నేను జీవితంలో పికప్ నడపలేదు. ఆ మాట నీకు రాయలేదు. నాకూ తట్టలేదు.

గోపమ్మ ఇంటికి పోయాను. గడపలో కూర్చుంది. బర్రెలను అమ్మేశారు. ఆమె కోడలు నేను ఎవరినో తెలియక చాయ్ ఇచ్చింది. పోలీసు కాయితంలో తప్పు ఆమెది అని ఉంది కాబట్టి ఇన్సూరెన్స్ పైసా రాదని వకీలు చెప్పాడట. కోడలు పలక మీద రాసింది, గోపమ్మ చెప్పినట్టే: "నేను కదలలేదు. రోజూ నిలబడ్డ జాగాలనే ఉన్న. గా పిలగాడు మంచోడు, ఎందుకట్ల చెప్పిండో."

నువ్వు స్టేషన్‌కు పోయి ఉన్నది చెప్పు. వచ్చే నెల ఐదు దాకా చూస్తాను. ఆ తర్వాత నీ ఉత్తరాలు నేనే తీసుకొని పోతాను. వాటిలో నా తప్పూ ఉంది. "నువ్వు చెప్పినట్టే" అని నువ్వు రాసిన లైను ఎవరైనా చదవగలరు.

గుర్వయ్య

*

దేవరకొండ,
29 నవంబర్ 2022

గుర్వయ్య గారికి,

కిలోమీటర్లు లెక్కపెట్టినందుకు సంతోషం. జూన్‌లో లెక్కపెట్టాల్సింది. మీటరు తిరగడం లేదని మొదటి ఉత్తరంలోనే రాశాను. డ్రైవర్ అయినవాడు ముందు అడగాల్సింది అదే: తొంభై ఆరు అని ఎవరు చెప్పిండ్రు? నువ్వు నా కాలు బరువన్నావు. ట్యాంకుకు తాళం వేయమన్నావు. పేరు పోగొట్టకు అన్నావు. ఆ ఒక్కటి అడగలేదు. నేను తెలియనివాణ్ని కాబట్టే నిన్ను అడిగాను.

పెడలు కిందికి పోతోంది, నువ్వే చెప్పాలి అని రాశాను. రెండోసారికి పట్టుకుంటే చాలన్నావు. నాగరాజు, బడి మానేసిన పిలగాడు, వాడికి తెలిసింది నీకు తెలియలేదు.

గోపమ్మ ఇంట్లో చాయ్ తాగి వచ్చి నాకు న్యాయం చెబుతున్నావు. ఆమె కాలు పట్టుకొని పట్నం దాకా కూర్చున్నది నేను. నన్ను మంచోడు అన్నదని రాశావు, అది ఎందుకు రాశావో నాకు తెలుసు. ఆ లైను చదివినప్పటి నుంచి అన్నం పోవడం లేదు. నువ్వు కోరుకున్నది అదే అయితే అయింది.

ఉత్తరాలు ఇచ్చుకో. ఆపను. ఇక మా ఇంటి గడప తొక్కకు. అక్క వస్తే వస్తుంది, ఆమె మా ఇంటి ఆడబిడ్డ. నువ్వు రావద్దు.

మల్లికార్జున్

*

మహబూబ్‌నగర్,
7 డిసెంబర్ 2022

మల్లికార్జున్‌కు,

నువ్వు దీన్ని చదువుతావో లేదో తెలియదు. యాదగిరి తీసుకోనంటే పోస్టులో వేస్తాను.

నిన్న స్టేషన్‌కు పోయాను. సంచీలో నీ ఉత్తరాలు ఆరు. అక్కడ కేసులు రాసే రైటర్ నా పేరు, ఊరు రాసుకున్నాడు. చెవుడని చెబితే కాయితం మీద రాసి చూపించాడు. నువ్వు నాలుగో తారీఖునే వచ్చి అంతా చెప్పావని రాశాడు. బ్రేకులు లూజ్ చేయించింది, గుద్దిన తర్వాత బిగించింది, గోపమ్మ రోడ్డు మీదికి రాలేదన్నది. అన్నీ నీ సొంత తెలివితోనే చేశానని చెప్పావట. ఎవరూ చెప్పలేదన్నావట. నాగరాజును కూడా నువ్వే బలవంతం చేశానన్నావట. నీ వాంగ్మూలం చూపించాడు. రెండు పేజీలు. నా పేరు లేదు.

దాన్ని దయ అనుకోవాలో, నన్ను మనిషిగా కూడా లెక్కపెట్టలేదనుకోవాలో నాకు తేలలేదు.

ఉత్తరాలు బల్ల మీద పెట్టాను. ఆగస్టు ఆరుది తీసి ఆ లైను వేలితో చూపించాను. చదివాడు. చదివి పక్కనున్న కానిస్టేబుల్‌కు ఇచ్చాడు, అతనూ చదివాడు. ఇద్దరూ నవ్వలేదు. నాలుగు చుట్లు తిప్పమన్నది నేనే, నా పేరు కూడా రాసుకొమ్మన్నాను. రైటర్ కాయితం మీద రాశాడు: "సలహా ఇచ్చుడు కేసు గాదు పెద్దాయనా. బండి నడిపినోడిదే కేసు." ఉత్తరాలు కట్టగట్టి నా సంచీలోనే పెట్టాడు.

గోపమ్మ వకీలును కలిశాను. కేసు మళ్లీ రాస్తారని, ఇన్సూరెన్స్ వస్తుందని, ఏండ్లు పడుతుందని చెప్పాడు. నీ లైసెన్స్ ఏడాది పైనే పోతుందన్నాడు. జైలు సంగతి జడ్జి చేతిలో ఉందన్నాడు. నా సంగతి అడిగాను. సాక్షిగా కూడా అవసరం లేదన్నాడు.

మీ అక్క నాతో మాట్లాడటం మానేసింది. అది తెలియడానికి నాకు రెండు రోజులు పట్టింది. రేపు బస్సుకు మీ దగ్గరకు వస్తోంది. ఎన్ని రోజులకో పలక మీద రాయలేదు, నేను అడగలేదు.

బస్టాండుకు పోతూ మీ వీధి నుంచే నడిచాను. పికప్ వాకిట్లో ఉంది, టైర్లలో గాలి దిగింది. నువ్వు మెట్ల మీద కూర్చొని ఉన్నావు. నన్ను చూశావు. ఏదో అన్నావు. పెదవులు కదిలాయి, నాకు వినబడలేదు. పిలిచావో, పొమ్మన్నావో తెలియలేదు.

రావద్దని రాశావు కదా. రాలేదు.

గుర్వయ్య